చెప్పులు తొడుక్కుంటూ చెప్పే మాట

మీ ప్రశ్నలు – డాక్టరమ్మ జవాబులు

రాజమండ్రిలో నేను మానసిక వైద్యం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. మా క్లినిక్‌లో తలుపు పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి ఉంచాను. ఎందుకో చెబుతాను. వచ్చినవాళ్ళు పావుగంట సేపు నిద్ర పట్టట్లేదని, తల దిమ్ముగా ఉందని, గ్యాస్ పైకి తంతోందని చెబుతారు. మందుల చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటారు. తలుపు దాకా వెళ్ళి, చెప్పుల్లో కాలు దూరుస్తూ, నా వైపు చూడకుండా, "ఇంకొక్క మాట మేడమ్" అంటారు. ఆ ఒక్క మాట కోసమే వచ్చి ఉంటారు. మళ్ళీ టేబులు దగ్గరికి వచ్చి కూర్చోమంటే "అబ్బే, ఏం లేదులెండి" అని జారుకుంటారు. అందుకే కుర్చీనే అక్కడికి పంపించాను.

గత సంచికలో నిద్ర గురించి మీ ఇబ్బందులు రాయమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆఖరి రెండు లైన్లు పడకగది గురించే. వాటిలో ఐదు ఇక్కడ ఇస్తున్నాను. రాసినవాళ్ళ ఆనవాళ్ళు తెలియకుండా ఊళ్ళూ ఉద్యోగాలూ కాస్త అటూ ఇటూ మార్చాను.

*

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్టు ఉద్యోగం. షిఫ్టు సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా. క్యాబ్ దిగి ఇంట్లో అడుగు పెట్టేసరికి ఐదవుతుంది. నా భార్య బ్యాంకులో చేస్తుంది. పెళ్ళయి ఎనిమిది నెలలు. మొదట్లో బాగానే ఉన్నాం. దసరాకి అత్తగారింటికి వెళ్ళినప్పుడు రెండుసార్లు నావల్ల కాలేదు. అప్పట్నుంచి మంచం దగ్గరికి వెళ్తేనే గుండె దడ. ఫ్రెండ్ చెబితే మెడికల్ షాపులో మాత్ర కొన్నాను. ఒకసారి పనిచేసింది, రెండోసారి తలనొప్పి తప్ప ఏమీ లేదు. ఇప్పుడు పని ఉందని చెప్పి హాల్లో సోఫా మీద పడుకుంటున్నాను. నాలుగు గంటలకి మించి నిద్ర లేదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "విశేషం ఏమైనా ఉందా" అంటుంది. ఆదివారం పొద్దెక్కి లేచినప్పుడు మాత్రం శరీరం మామూలుగానే ఉంటుంది. నాకే ఎందుకిలా? ఒక్కోసారి బతకడం దేనికి అనిపిస్తోంది.

జవాబు: బాబూ, నీ ఉత్తరం చివరి వాక్యం దగ్గర మొదలుపెడతాను. బతకడం దేనికి అన్న ఆలోచన ఎప్పుడో ఒకసారి వచ్చి పోతోందా, రోజూ వస్తోందా, ఎలా చచ్చిపోవాలన్నది కూడా తోస్తోందా? రోజూ వస్తున్నా, ఎలా అన్నది తోస్తున్నా ఈ పత్రిక పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన లైను అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది. నీలాంటి నైట్ షిఫ్టువాడు అర్ధరాత్రి టీ బ్రేకులో కూడా చేసుకోవచ్చు. ఆ తర్వాత దగ్గర్లో ఉన్న సైకియాట్రిస్టుని కలువు. మిగతాదంతా దాని తర్వాతే.

ఇక నీ ప్రశ్నకి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, ఆదివారం సంగతి. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి ఒక రాత్రి నిద్రలో మూడు నుంచి ఐదుసార్లు అంగం గట్టిపడుతుంది. కనురెప్పల కింద కళ్ళు గబగబా కదులుతూ కలలు ఎక్కువగా వచ్చే దశ ఒకటుంటుంది, ఆర్‌ఈఎమ్ అంటారు. ఆ దశలో జరుగుతుందిది. ఏం కల వచ్చిందన్నదానితో దీనికి పని లేదు, కలలో కరెంటు బిల్లు కడుతున్నా జరుగుతుంది. పొద్దున్న లేచేసరికి కనిపించేది ఆ వరసలో ఆఖరిది. అంటే నీ రక్తనాళాలూ నరాలూ హార్మోన్లూ చాలావరకు తమ పని తాము చేస్తున్నాయి. వెనకటికి, 1980 ప్రాంతంలో, దీన్ని తేల్చుకోవడానికి అమెరికా డాక్టర్లు పోస్టల్ స్టాంపుల పట్టీ చుట్టుకుని పడుకోమనేవారు. తెల్లారేసరికి చిల్లుల దగ్గర తెగితే సరే, తెగకపోతే రక్తనాళాల పరీక్షలు. నీకు స్టాంపుల ఖర్చు కూడా అక్కర్లేదు.

ఆ దశ నిద్ర చివరి భాగంలోనే ఎక్కువగా ఉంటుంది. నాలుగు గంటలే పడుకుని లేచిపోయేవాడికి అందులో చాలా భాగం పోతుంది. మగ హార్మోను టెస్టోస్టెరాన్ కూడా నిద్రలోనే పెరుగుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో పదిమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చి రక్తపరీక్ష చేశారు. 2011లో వచ్చిందా ఫలితం. పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. పదిమందితో చేసిన చిన్న పరీక్ష, దాని మీద మేడలు కట్టక్కర్లేదు. కాకపోతే నైట్ షిఫ్టు పిల్లలు నా దగ్గరికొచ్చి చెప్పేదానికి అది అతికినట్టు సరిపోతోంది.

దసరాకి జరిగింది పెద్ద విషయమేమీ కాదు. నిద్ర లేని ఒళ్ళు, ఇంటినిండా చుట్టాలు, పల్చటి గోడకి అవతల మామగారి దగ్గు. ఎవరికైనా అలాగే అవుతుంది. అసలు జబ్బు మొదలైంది మూడో ప్రయత్నం దగ్గర. అప్పటికి నీకు మంచం పరీక్ష హాలైపోయింది. రాసేవాడివీ నువ్వే, వెనక నిలబడి చూసే ఇన్విజిలేటరువీ నువ్వే. మాస్టర్స్, జాన్సన్ అని అమెరికాలో ఇద్దరు 1970లోనే దీని గురించి రాశారు, మనిషి తన సంసారానికి తనే ప్రేక్షకుడైపోతాడని. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది. అంగంలోకి రక్తం రావాలంటే అవి వదులవ్వాలి. ఇక చూసుకో.

నిద్ర సంగతీ ఇంతే. "ఇప్పుడు పడితే నాలుగు గంటలు, ఇప్పుడు పడితే మూడున్నర" అని గడియారంతో బేరమాడినవాడికి నిద్ర పట్టడం నేను చూడలేదు. నిద్రకీ కోరికకీ కాపలా కాస్తే రెండూ రావు. అందుకే నా దగ్గరికి ఒకటి పోయిందని వచ్చినవాళ్ళని రెండోది ఉందా అని అడుగుతాను. చాలాసార్లు రెండూ పోయి ఉంటాయి, ఏది ముందు పోయిందో వాళ్ళకే గుర్తుండదు.

మూడు వారాల పాటు సంసారం బంద్ పెట్టు. నీలో నువ్వు అనుకోవడం కాదు, భార్యకి చెప్పి, ఇద్దరూ ఒప్పుకుని. వారానికి రెండు మూడుసార్లు పక్కపక్కన పడుకోండి. భుజాలు, వీపు, పాదాలు, ఒకరికొకరు నిమురుకోండి. శరీరం స్పందించినా ముందుకి వెళ్ళొద్దు, స్పందించకపోయినా పట్టించుకోవద్దు. పరీక్షే రద్దయ్యాక ఫెయిలవడం ఎక్కడుంది? చాలామంది రెండో వారంలోనే మాట తప్పి, మూడో వారం నాకు మొహం చాటేస్తారు. నాకేం కోపం లేదు. దీనికి ఆదివారం పొద్దుట పూట మంచిది, ముహూర్తం నీ శరీరమే చెప్పింది.

సోఫా మానెయ్. హాల్లో ఏడింటికి కుక్కర్ కూస్తుంది, ఎనిమిదింటికి పనమ్మాయి గిన్నెలు పడేస్తుంది, తొమ్మిదింటికి కొరియర్ అబ్బాయి బెల్లు కొడతాడు. పడకగది కిటికీకి మందపాటి నల్ల దుప్పటి కట్టు, కాలింగ్ బెల్ స్విచ్ ఆపు, ఫోను హాల్లో పెట్టు. ఇంటికొచ్చాక రీల్స్ చూస్తూ ఏడు దాకా కూర్చోకుండా ఐదున్నరకల్లా పడుకో. అర్ధరాత్రి దాటాక కాఫీ వద్దు, తాగిన కాఫీలో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. వారాంతంలో షిఫ్టు లేదని ఒక్కసారిగా రాత్రిని పగలు, పగటిని రాత్రి చేసుకోవద్దు.

మెడికల్ షాపు మాత్ర గురించి. అది వయాగ్రా (సిల్డెనాఫిల్) అయి ఉంటుంది. 1998 నుంచి ఉంది, మంచి మందే. కోరిక ఉన్నప్పుడు రక్తానికి దారి ఇస్తుంది. భయాన్ని మాత్రం అది తియ్యలేదు, అందుకే నీకు రెండోసారి తలనొప్పే మిగిలింది. గుండె జబ్బుకి నైట్రేటు మందులు వాడేవాళ్ళు దాన్ని వేసుకుంటే బీపీ ప్రాణం మీదికి తెచ్చేంత పడిపోతుంది. కాబట్టి ఫ్రెండు చీటీ మీద కాకుండా డాక్టరు చీటీ మీద కొనుక్కో. ఒకసారి బీపీ, షుగర్ చూపించుకో. టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించుకుంటే బాగా పడుకుని లేచాక రక్తం ఇవ్వు. షిఫ్టు దిగి నేరుగా ల్యాబుకి వెళ్తే లేని జబ్బు కాగితం మీద కనిపించొచ్చు.

మీ ఆవిడకి నిజం చెప్పు. నువ్వు సోఫా మీద పడుకున్న ప్రతి రాత్రీ ఆ అమ్మాయి "నేను నచ్చలేదేమో" అనుకుంటూ ఉంటుంది. అటువైపు నుంచి వచ్చే ఉత్తరాలు కూడా నేనే చదువుతాను కదా, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. మీ అమ్మగారికి మాత్రం "విశేషం ఉంటే నేనే ఫోన్ చేస్తానమ్మా" అను. అంతకుమించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

*

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నాకు 48 ఏళ్ళు. 36వ ఏట గర్భసంచి తీయించుకున్నాను. అండాశయాలు ఉంచారో తీశారో తెలియదు. రెండేళ్ళుగా రాత్రి రెండింటికి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి జాకెట్టు తడిసిపోతుంది, ఇక నిద్ర పట్టదు. ఆయన దగ్గరికొస్తే మంట, నొప్పి. వద్దంటే ముఖం మాడ్చుకుంటారు. "ఈ వయసులో నీకు నేనంటే అసహ్యం" అన్నారు ఒకరోజు. మనవరాలికి తోడని చెప్పి ఆ గదిలో పడుకుంటున్నాను. చిన్న విషయానికీ పెద్ద విషయానికీ నాకు ఏడుపొస్తోంది. కూతురితో చెప్పుకుందామంటే సిగ్గు.

జవాబు: చెల్లీ, నాకు ఈ ఆవిర్లు వచ్చిన ఏడాది మే నెలలో, తెల్లవారుజామున మూడింటికి మా వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసి దాని ముందు స్టూలేసుకుని కూర్చునేదాన్ని. మా ఆయన నీళ్ళ కోసం వచ్చి, చీకట్లో ఆ వెలుతుర్లో నన్ను చూసి జడుసుకున్నారు. డాక్టర్నై ఉండి నాకే వారం రోజులు పట్టింది ఇదేమిటో ఒప్పుకోవడానికి. నీకు రెండేళ్ళు పట్టిందంటే తప్పు నీది కాదు.

ముట్టు ఆగే వయసులో అండాశయాల నుంచి వచ్చే ఆడ హార్మోను ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది. నీకు గర్భసంచి లేదు కనుక ముట్టు ఆగిన గుర్తు తెలియలేదు, మిగతావన్నీ తెలిశాయి. ఆవిర్లు నిద్రని నరికేస్తాయి. నిద్ర నరికిన మనసు చిన్నమాటకే ఏడుస్తుంది. లోపలి చర్మం పల్చబడి, తడి తగ్గి, కలయిక నొప్పి పుట్టిస్తుంది. నొప్పి పుట్టించేదాన్ని శరీరం ముందే గుర్తుపట్టి బిగుసుకుంటుంది. ఇందులో అసహ్యానికి చోటెక్కడుంది? ఈ మాట ఆయనకి చదివి వినిపించు, లేదా పత్రిక ఈ పేజీ దగ్గర తెరిచి ఆయన మంచం మీద వదిలెయ్.

ముందు ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతుకు. రేషన్ కార్డు, పొలం పాసు పుస్తకం పెట్టే బీరువాలోనే ఉండొచ్చు. బాధలు రెండేళ్ళ కిందటే మొదలయ్యాయంటే అండాశయాలు ఉంచే ఉంటారని నా అంచనా. తీసేసి ఉంటే మామూలుగా ముప్ఫై ఆరులోనే ఇవన్నీ వచ్చి పడేవి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే విషయమే. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు సంచి" అని తీయించేసి, ఏం ఉంచారో ఏం తీశారో కూడా చెప్పకుండా ఇంటికి పంపిన వాళ్ళని ఈ ముప్ఫై ఏళ్ళలో ఎంతమందిని చూశానో. నాకు కోపం వచ్చే విషయాల్లో ఇదొకటి, పోనీ.

ఆ కాగితం తీసుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళు. నొప్పికీ మంటకీ లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము ఉంది, చాలా తక్కువ మోతాదు, కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆవిర్లు భరించలేనంతగా ఉంటే హార్మోను మాత్రలో పట్టీలో వాడొచ్చా అన్నది ఆవిడ నీ బీపీ, గుండె, రొమ్ముల పరీక్ష చూసి తేలుస్తారు. గర్భసంచి లేనివాళ్ళకి ఒక్క ఈస్ట్రోజనే సరిపోతుంది, రెండో హార్మోను అక్కర్లేదు. హార్మోన్లు పడనివాళ్ళకి దిగులుకి వాడే మందుల్లోనే కొన్ని ఆవిర్లని తగ్గిస్తాయి, నిద్రకీ మనసుకీ కూడా పనికొస్తాయి. ఏడుపు రెండు వారాలకి మించి రోజూ ఉంటే, ఏ పని మీదా మనసు పోకపోతే, నాలాంటి డాక్టరుని కూడా కలువు.

ఈ లోపల నైలాన్ నైటీ మాని పాత నూలు చీర కట్టుకుని పడుకో. సాయంత్రం టీ ఆపెయ్. దగ్గరికి రావడమంటే ప్రతిసారీ ఆఖరి దాకా వెళ్ళాలని లేదని మీ ఆయనకి చెప్పు. మన మగవాళ్ళకి ఇది ఎవరూ నేర్పలేదు. నడుం మీద చెయ్యి వేస్తే ఇక తప్పదేమో అన్న భయంతో ఎంతమంది ఆడవాళ్ళు మనవల గదిలోకి పారిపోతున్నారో వాళ్ళకి తెలియదు. ఒక ఒప్పందం చేసుకోండి. "ఈ నెల మందు వాడుతున్నాను, పక్కన పడుకుందాం, అంతే." మనవరాలు ఒక్కత్తే పడుకోగలదు, ఆ వయసు పిల్లలకి మన కంటే బాగా నిద్ర పడుతుంది.

*

ప్రశ్న: నాకు 20 ఏళ్ళు, వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా. వారానికి రెండుసార్లు నిద్రలో వీర్యం పోతోంది. లాడ్జికి వచ్చే వైద్యుడి దగ్గరికి పోతే, నూరు చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క అవుతుందని, ఇట్లనే పోతే పెళ్ళికి పనికిరావని చెప్పి 18,000 తీసుకుని లేహ్యం ఇచ్చిండు. పడుకుంటే పోతదని రాత్రి మూడింటి దాకా మేల్కొని ఉంటున్నా. తొడలు గుంజుతున్నయి. చదివింది యాదికి ఉంటలేదు.

జవాబు: తమ్ముడూ, నీ తొడలు గుంజడానికీ చదువు గుర్తుండకపోవడానికీ కారణం నీ ఉత్తరంలోనే ఉంది. మూడింటి దాకా మేలుకుంటున్నావు. పోయింది నిద్ర. వీర్యం ఎక్కడికీ పోలేదు.

రక్తం చుక్కల లెక్క అబద్ధం. వీర్యంలో ఎక్కువ భాగం నీళ్ళే. ప్రోస్టేటు, దాని పక్కనుండే గ్రంథులు ఊరించే ద్రవం అది, ఒకసారికి రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు. అందులోని కణాలు రెండున్నర నెలలకి ఒక విడత తయారవుతాయి, ఒక విడత వెనక ఇంకో విడత, ఆ ఫ్యాక్టరీకి సెలవు లేదు. దాచుకుంటే పెరిగే డిపాజిట్టు కాదది. నిండితే నిద్రలో పొర్లుతుంది, వారానికి రెండుసార్లైనా, నెలకి ఒకసారైనా, అసలు లేకపోయినా ఆరోగ్యమే. హస్తప్రయోగం సంగతి నువ్వు అడగలేదు గానీ అడగాలనుకున్నావని నాకు తెలుసు. దానికీ ఇదే జవాబు.

ఈ భయానికి మా పుస్తకాల్లో పేరు కూడా ఉంది, ధాత్ సిండ్రోమ్. మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో పెట్టిన పేరు. ధాతువు, అంటే వీర్యం, పోతోందన్న భయంతో నీరసం, నిద్రలేమి, దిగులు, ఒళ్ళు నొప్పులు. నొప్పులు నిజమైనవే, కారణం అనుకున్నదే తప్పు. లైంగిక శక్తి పెంచుతామని మందుకి ప్రకటన వేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టానికి డెబ్భై ఏళ్ళు దాటాయి, బస్టాండు గోడ మీద పోస్టరు మాత్రం ఇంకా తడిగానే ఉంది. లేహ్యం మానెయ్, అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. ఈ రాత్రి పదకొండింటికి పడుకో. లుంగీ తడిస్తే పొద్దున్న ఉతుక్కో. నెల తర్వాత కూడా నీరసం, దిగులు పోకపోతే మీ ఊళ్ళో పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్ళు. ఓపీ చీటీకి అయ్యేదెంతో, లాడ్జిలో ఇచ్చిన పద్దెనిమిది వేలెంతో పోల్చి చూసుకో.

*

ప్రశ్న: నేను టీచర్ని, 38 ఏళ్ళు. డిప్రెషన్‌కి ఏడు నెలలుగా ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు వాడుతున్నాను. నిద్ర, పని అన్నీ కుదుటపడ్డాయి. కానీ కోరిక అన్నది పూర్తిగా పోయింది, ఏదైనా జరిగినా తృప్తి దాకా రావట్లేదు. ఎదురింటావిడ "ఆ మందులు మానెయ్, అవే చెడగొడతాయి" అంటోంది. మానేయనా?

జవాబు: మానొద్దు. ఎదురింటావిడ సగం నిజం చెప్పింది. ఈ రకం మందులు చాలామందిలో కోరికని, తృప్తిని మందగింపజేస్తాయి. డిప్రెషన్ కూడా అదే పని చేస్తుంది కాబట్టి, ఇది మందుకి ముందు ఉందా, తర్వాత వచ్చిందా అన్నది గుర్తు చేసుకుని మీ డాక్టరుకి చెప్పండి. తర్వాత వచ్చిందైతే దారులున్నాయి. మోతాదు తగ్గించి చూడొచ్చు, బూప్రోపియాన్ లాంటి ఈ ఇబ్బంది తక్కువ ఉన్న మందుకి మార్చొచ్చు, లేదా దాన్ని పక్కన చేర్చొచ్చు. నిద్ర ఇంకా సరిగా లేనివాళ్ళకి మిర్టజాపిన్ ఇస్తుంటాం. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టుండటం, ఆ తర్వాత జబ్బు తిరగబెట్టడం చూస్తుంటాను.

ఇందులో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడకి ఇలాంటి మందే రాశాను. బాగా కోలుకుంది. రెండు నెలలు వచ్చి మానేసింది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ మంచం పట్టి, వాళ్ళన్నయ్య పట్టుకొస్తే వచ్చింది. మందు ఎందుకు ఆపావమ్మా అంటే ఇదే కారణం. మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. "మీరు అడగలేదు కదండీ" అంది. అప్పట్నుంచి మందు రాసిన ప్రతివాళ్ళనీ రెండోసారి వచ్చినప్పుడు నేనే అడుగుతున్నాను. మీ డాక్టరు అడగకపోతే మీరే అనండి. నోటితో అనలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి.

*

ప్రశ్న: మా వారికి 51. మిర్యాలగూడలో రైసు మిల్లు. మనిషి బరువు పెరిగారు. గురక మేడ మీదికి వినిపిస్తుంది. మధ్యలో ఊపిరి ఆగిపోయినట్టై మళ్ళీ గట్టిగా ఎగబీలుస్తారు. పగలు మిల్లులో కుర్చీలోనే నిద్రపోతారట. అయినదానికీ కానిదానికీ కోపం. సంసారం మాట రెండేళ్ళుగా లేదు, వయసు మీద పడిందంటారు. బీపీ మాత్ర వేసుకుంటారు.

జవాబు: యాభై ఒకటి వయసు మీద పడటం కాదమ్మా. ఆయనకి స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. గొంతు వెనక కండ మూసుకుపోయి పది సెకండ్లకి పైగా గాలి ఆడదు. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గంటకి పదిహేనుసార్లు అలా అయితే మధ్యరకం, ముప్ఫై దాటితే తీవ్రం. ఆయనకి అది తెలియదు, ఎనిమిది గంటలు పడుకున్నాననే అనుకుంటారు. పగటి నిద్ర, కోపం, దిగులు, బీపీ, పడకగదిలో ఇబ్బంది, అన్నీ ఈ ఒక్క తాడుకే కట్టి ఉండొచ్చు.

ఈ రాత్రి ఆయన గురకని, ఆ ఊపిరి ఆగడాన్ని ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీయండి. చెబితే నమ్మని మగవాళ్ళు అది చూసి నోరు మూసుకుంటారు. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరో ఈఎన్టీ దగ్గరో నిద్ర పరీక్ష చేయిస్తారు. సీపాప్ అనే మాస్కు మిషన్ ఇస్తే మొదటి వారం ఏనుగు తొండం పెట్టారని గోల చేస్తారు, అలవాటైతే విడవరు. రాత్రి మందు తాగే అలవాటుంటే అది గొంతుని ఇంకా వదులు చేస్తుంది. నిద్రమాత్రలు సొంతంగా వేయొద్దు, ఊపిరి మరింత ఆగుతుంది. పరీక్ష అయ్యేదాకా కారు ఆయన నడపకుండా చూడండి.

ఇంకో సంగతి. అంగానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు గుండె నాళాల కంటే సన్నం. కొవ్వు పేరుకుంటే ముందు మూసుకుపోయేవి అవే. కాబట్టి రెండేళ్ళ కిందట మొదలైన ఆ ఇబ్బందిని గుండె డాక్టరు కూడా వినాలి. షుగర్, కొలెస్టరాల్, ఈసీజీ చేయించండి.

*

వచ్చే సంచికకి రాసేవాళ్ళు వయసు, వేసుకుంటున్న అన్ని మందుల పేర్లు, ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నారో తప్పకుండా రాయండి. పేరు అక్కర్లేదు.

కాకినాడ నుంచి గులాబీ రంగు కవరులో రాసిన అమ్మాయికి: నీ ఉత్తరం మొదటి పేజీయే అందింది. "అసలు విషయం ఏమిటంటే డాక్టరు గారూ" దగ్గర ఆగిపోయింది. రెండో పేజీ కవరులో పెట్టడం మరిచిపోయావో, పెట్టబోయి తీసేశావో. పంపించు, చదువుతాను.